కాంతిని పీల్చే కర్బన పొరలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పెన్సిల్‌లోని గ్రాఫైట్ మొదలుకొని ఒకే ఒక్క పరమాణువు మందమున్న గ్రాఫీన్ దాకా, పొరలుగా అమరిన కర్బన పదార్థాలను కాంతి శోషణం ద్వారా ఎలా పరిశీలిస్తారో వివరించమని అడిగిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈ నెల జవాబులు ఇస్తున్నాం. ఒకే సందేహాన్ని వెలిబుచ్చిన ఉత్తరాలను కలిపి ఒక ప్రశ్నగా కూర్చాం.

ప్రశ్న: గ్రాఫీన్ పొర తనపై పడిన కాంతిలో 2.3 శాతాన్ని పీల్చుకుంటుందని, రంగు మారినా ఆ అంకె మారదని చదివాను. ఒక్క పరమాణువు మందమున్న పొర అంత కాంతిని పీల్చుకోవడం ఎలా సాధ్యం? ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చింది?
– జూనియర్ కళాశాల భౌతికశాస్త్ర అధ్యాపకుడు, నల్లగొండ

జవాబు: మీరు చదివింది నిజమే. ఘనపదార్థాల భౌతికశాస్త్రంలో ఇంత సరళమైన ఫలితాలు చాలా అరుదు. మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో ఆంద్రే గైమ్, కాన్‌స్టాంటిన్ నొవొసెలొవ్ అంటుకునే టేపుతో గ్రాఫైట్ పొరలను ఒలిచి గ్రాఫీన్‌ను వేరుచేసిన సంగతిని 2004లో ప్రకటించారు. 2010లో వారికి నోబెల్ బహుమతి లభించింది. అదే బృందంలో పనిచేసిన కేరళ శాస్త్రవేత్త రాహుల్ రవీంద్రన్ నాయర్ ప్రథమ రచయితగా 2008లో ‘సైన్స్’ పత్రికలో వెలువడిన పత్రం మీరు అడిగిన అంకెను తేల్చింది. లోహపు రేకులో పదుల మైక్రోమీటర్ల వెడల్పున్న రంధ్రాలు చేసి, వాటిపై గ్రాఫీన్‌ను కింద ఏ ఆధారమూ లేకుండా పరిచి, సూక్ష్మదర్శినిలో వెనుక నుంచి వెలుగు పంపి చూశారు. ఖాళీగా ఉన్న చోటి నుంచి ఒక పొర ఉన్న చోటికి, అక్కడి నుంచి రెండు పొరలున్న చోటికి వచ్చేసరికి వెలుగు మెట్లుమెట్లుగా తగ్గింది; ఒక్కో మెట్టు సుమారు 2.3 శాతం. ఒక పొర నుంచి వెనక్కి మళ్లే కాంతి 0.1 శాతం కన్నా తక్కువ కాబట్టి, తగ్గినదంతా శోషణమే అనుకోవచ్చు.

ఇక కారణం. గ్రాఫీన్‌లో ఎలక్ట్రాన్లు నిండిన శక్తి పట్టీ, ఖాళీగా ఉన్న శక్తి పట్టీ రెండు శంకువుల కొనల మాదిరిగా ఒక బిందువు దగ్గర కలుస్తాయి. మధ్యలో అంతరం లేదు. అందువల్ల ఎంత చిన్న శక్తి ఉన్న ఫోటాన్ వచ్చినా, దాని శక్తిలో సగం మేర కింద ఉన్న ఎలక్ట్రాన్, అంతే మేర పైన ఉన్న ఖాళీ స్థితికి ఎగరగలదు. ఫోటాన్ శక్తి పెరిగేకొద్దీ అలాంటి స్థితుల సంఖ్య అదే నిష్పత్తిలో పెరుగుతుంది. కానీ ఒక్కో ఎలక్ట్రాన్‌ను కాంతి కదిలించగల బలం పౌనఃపున్యం పెరిగేకొద్దీ తగ్గుతుంది. ఒక్కో శోషణలో పోయే శక్తిని కూడా కలుపుకొని లెక్కవేస్తే పౌనఃపున్యం పూర్తిగా కొట్టుకుపోతుంది. ఇంకా విశేషమేమిటంటే, గ్రాఫీన్‌లో ఎలక్ట్రాన్ల వేగం కాంతి వేగంలో సుమారు 300వ వంతు అయినా, ఆ వేగం కూడా లెక్కలో రెండు చోట్ల వచ్చి రద్దవుతుంది. చివరికి మిగిలేవి ఎలక్ట్రాన్ ఆవేశం, ప్లాంక్ స్థిరాంకం, కాంతి వేగం మాత్రమే. ఈ మూడూ కలిసి ఏర్పడే సూక్ష్మ నిర్మాణ స్థిరాంకం విలువ సుమారు 1/137. దాన్ని పై (π)తో గుణిస్తే 0.0229, అంటే 2.3 శాతం. పదార్థానికి సంబంధించిన ఏ కొలతా ఇందులో లేకపోవడాన్ని మీ విద్యార్థులకు తప్పక చూపించండి. పరమాణువుల మధ్య దూరం 0.142 నానోమీటర్లన్న సంగతి కూడా ఈ లెక్కకు అక్కర్లేదు.

అయితే ‘ఏ రంగుకైనా మారదు’ అన్న మాటకు హద్దులున్నాయి. ఆ శంకువుల చిత్రం తక్కువ శక్తుల దగ్గరే సరిగ్గా వర్తిస్తుంది. అతినీలలోహితం వైపు వెళ్లేకొద్దీ శోషణం పెరుగుతూ 4.6 ఎలక్ట్రాన్ వోల్టుల ఫోటాన్ శక్తి వద్ద, అంటే సుమారు 270 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం వద్ద, శిఖరానికి చేరుతుంది. అక్కడ ఒక్క పొర దృశ్య కాంతిలో కన్నా కొన్ని రెట్లు ఎక్కువ పీల్చుకుంటుంది. ఎలక్ట్రాన్‌కూ అది వదిలి వెళ్లిన ఖాళీకీ మధ్య ఉండే ఆకర్షణను లెక్కలోకి తీసుకోకపోతే ఈ శిఖరం 5.2 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర రావాలి. అంతగా కిందికి జరగడమే ఆ ఆకర్షణకు సాక్ష్యం. రెండోవైపు, పరారుణంలో, గ్రాఫీన్‌కు అదనంగా ఎలక్ట్రాన్లు చేర్చితే కొన్ని పై స్థితులు ముందే నిండిపోయి, అక్కడికి ఎగరాల్సిన ఎలక్ట్రాన్లకు చోటు ఉండదు. ఆ మేరకు శోషణం ఆగిపోతుంది. వోల్టేజి మార్చుతూ ఈ హద్దును అటూ ఇటూ జరపవచ్చని 2008లోనే ప్రయోగాల్లో చూపారు.

ప్రశ్న: ఒక పొర 97 శాతానికి పైగా వెలుగును వదిలేస్తే, అవే పొరలతో తయారైన పెన్సిల్ గీత నల్లగా, మెరుపుతో ఎందుకు కనిపిస్తుంది? ఎన్ని పొరలకు నలుపు వస్తుంది?
– పాఠకురాలు, ఖమ్మం

జవాబు: గ్రాఫైట్‌లో పొరల మధ్య దూరం 0.335 నానోమీటర్లు మాత్రమే. ఒక మైక్రోమీటరు మందంలో దాదాపు 3,000 పొరలు పడతాయి. ఐదు పొరలు కలిసి 10 శాతానికి పైగా కాంతిని ఆపుతాయి. 30 పొరల కట్ట మందం 10 నానోమీటర్లే అయినా, దాని గుండా దాటేది సుమారు 55 శాతమే.

ఇక్కడ చాలామంది 0.977ను 30 సార్లు గుణించి 50 శాతమని రాస్తారు. ఆ గుణకారం నాలుగైదు పొరల వరకే చెల్లుతుంది. పొరలు పెరిగేకొద్దీ వెనక్కి మళ్లే కాంతి వాటా పెరుగుతుంది. 30 పొరల దగ్గర అది 6 శాతం దాటుతుంది. పొరలన్నీ ఒకే విద్యుత్ క్షేత్రాన్ని పంచుకుంటాయి కాబట్టి ఒక్కో పొర పీల్చుకునే వాటా కూడా తగ్గుతుంది. మందపాటి గ్రాఫైట్ నున్నటి ముఖం దృశ్య కాంతిలో సుమారు 30 శాతాన్ని వెనక్కి పంపి, మిగిలినదాన్ని మొదటి వంద నానోమీటర్లలోనే చాలావరకు పీల్చేస్తుంది. పెన్సిల్ గీతలోని నలుపు, మెరుపు రెండూ ఈ రెండు పనుల ఫలితాలే.

ప్రశ్న: మా ప్రయోగశాలలో హమ్మర్స్ పద్ధతిలో గ్రాఫీన్ ఆక్సైడ్ తయారుచేశాం. యూవీ-విజిబుల్ స్పెక్ట్రోమీటర్‌లో 230 నానోమీటర్ల వద్ద శిఖరం, 300 దగ్గర చిన్న భుజం వచ్చాయి. ఆస్కార్బిక్ ఆమ్లంతో వేడిచేశాక శిఖరం 265కు జరిగింది. ఇది గ్రాఫీన్ అయిందని రాయవచ్చా? శోషణ విలువ నుంచి పొరల సంఖ్యను, గాఢతను లెక్కించవచ్చా?
– ఎం.ఎస్సీ. రసాయనశాస్త్ర విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: ఇలాంటి ఉత్తరాలు ఎక్కువగా వస్తున్నాయి కాబట్టి మీ ప్రశ్నకు కాస్త విస్తారంగా జవాబు చెబుతాం.

ముందుగా మీకు కనిపించిన గుర్తుల సంగతి. గ్రాఫైట్‌ను సల్ఫ్యూరిక్ ఆమ్లంలో పొటాషియం పర్మాంగనేట్‌తో ఆక్సీకరించే పద్ధతిని హమ్మర్స్, ఆఫెమన్ 1958లో ప్రచురించారు. ఆక్సీకరణంలో కర్బన వలయాల అల్లిక తెగి, మధ్యమధ్య చిన్న చిన్న ద్వీపాలుగా మిగులుతుంది. 230 నానోమీటర్ల శిఖరం ఆ ద్వీపాల్లోని ద్విబంధాలది, 300 దగ్గరి భుజం కర్బన-ఆక్సిజన్ ద్విబంధాలది. ఆక్సిజన్‌ను తొలగించేకొద్దీ ద్వీపాలు పెరిగి కలుస్తాయి, ఎలక్ట్రాన్లు ఎక్కువ దూరం పరచుకుంటాయి, శిఖరం 270 వైపు జరుగుతుంది. హైడ్రజీన్‌తో క్షయకరణం (ఆక్సిజన్‌ను తొలగించడం) చేసినప్పుడు 231 నుంచి 270కి జరిగినట్లు 2008లో వచ్చిన పత్రం నుంచే ఈ జరుగుదలను కొలబద్దగా వాడడం అలవాటైంది.

కానీ మీరు వాడింది ఆస్కార్బిక్ ఆమ్లం. తటస్థ ద్రావణంలో అది ఆస్కార్బేట్ అయాన్‌గా ఉంటుంది. దాని స్వంత శోషణ శిఖరం సరిగ్గా 265 నానోమీటర్ల దగ్గరే ఉంది, అదీ చాలా బలమైనది. కడగకుండా మిగిలిపోయిన కొద్దిపాటి ఆస్కార్బేట్ చాలు, మీ పదార్థంలో ఏ మార్పూ రాకపోయినా 265 దగ్గర అందమైన శిఖరం చూపించడానికి. కాబట్టి ద్రవాన్ని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైన తేలిన తేటను వేరుగా కొలవండి. తేటలోనూ 265 శిఖరం కనిపిస్తే పదార్థాన్ని స్వేదనజలంతో మళ్లీ మళ్లీ కడిగి, తేటలో ఏ శిఖరమూ మిగలనంత వరకూ కొనసాగించి, అప్పుడు రేణువులను తిరిగి నీటిలో కలిపి కొలవండి. ఇంకో ఆనవాలు శిఖరం దగ్గర కాకుండా దూరంగా, 400 నుంచి 800 నానోమీటర్ల మధ్య దొరుకుతుంది. క్షయకరణం నిజంగా జరిగితే గోధుమ రంగు ద్రవం నల్లబడి, ఆ మేరలోని శోషణమంతా పైకి లేస్తుంది. ఆస్కార్బేట్ ఆ పని చేయలేదు. అలాగే సోడియం నైట్రేట్ వాడి ఉంటే, నైట్రేట్ అయాన్‌కు 302 దగ్గర ఒక బలహీనమైన శోషణం ఉందని గుర్తుంచుకోండి. సరిగా కడగని నమూనాలో అది మీ 300 భుజంతో కలిసిపోగలదు.

కడిగిన తర్వాత కూడా శిఖరం 265 దగ్గరే నిలిస్తే, క్షయకరణం బాగా జరిగిందని ధైర్యంగా రాయండి. గ్రాఫీన్ అయిందని మాత్రం రాయకండి. మిగిలిన ఆక్సిజన్ గుంపులు, పొరల్లో పడిన చిల్లులు అందులో ఉంటాయి. దాన్ని రెడ్యూస్డ్ గ్రాఫీన్ ఆక్సైడ్ అనడమే సరైనది. శిఖరం ఉన్న చోటు పొరల సంఖ్యను చెప్పదు. దానికి అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోపీతో మందం కొలవాలి, పొడి నమూనాకైతే ఎక్స్-కిరణ వివర్తనంలో పొరల దూరం చూడాలి. ఇంకొక మాట కూడా మొహమాటం లేకుండా చెప్పాలి: ఈ వక్రరేఖ నుంచి టావుక్ గీత (శోషణం నుంచి శక్తి పట్టీల మధ్య అంతరాన్ని అంచనా వేసే గీత) గీసి ‘బ్యాండ్ గ్యాప్ (ఆ అంతరం) ఇంత’ అని రెండు దశాంశ స్థానాలతో రాయడం చాలా ప్రాజెక్టు నివేదికల్లో కనిపిస్తుంది. రకరకాల పరిమాణాల ద్వీపాలు కలగలిసిన పదార్థానికి ఒకే అంతరం ఉండదు. గీతలో ఏ భాగాన్ని సరళరేఖగా ఎంచుకుంటారన్న దాన్ని బట్టి ఆ అంకె మారిపోతుంది. ఆక్సిజన్ శాతం కొలిచి పక్కన పెట్టనిదే దానికి విలువ తక్కువ.

గాఢత సంగతి. ఆక్సీకరించకుండా ద్రావణిలో ఒలిచిన గ్రాఫీన్‌కు బీర్-లాంబర్ట్ సూత్రం (శోషణం గాఢతకూ, కాంతి ద్రవంలో సాగే దూరానికీ అనులోమంగా ఉంటుందనేది) వాడతారు, సాధారణంగా 660 నానోమీటర్ల వద్ద. డబ్లిన్‌లోని ట్రినిటీ కళాశాలలో జొనాథన్ కోల్‌మన్ బృందం 2008లో ఇచ్చిన గుణకం లీటరు-గ్రాము-మీటరు ప్రమాణాల్లో 2460. ఆ తర్వాత అదే బృందం నీరు, డిటర్జెంట్ వంటి పదార్థాలతో చేసిన పనుల్లో 2009లో 1390, 2010లో 6600 వచ్చాయి. ఇంత తేడా చూసి సూత్రాన్నే అనుమానించనక్కర్లేదు. మూల సూత్రాల నుంచి ఎంత రావాలో లెక్కవేసి చూద్దాం. ఒక చదరపు మీటరు గ్రాఫీన్ బరువు సుమారు 0.77 మిల్లీగ్రాములు. గాలిలో 2.3 శాతంగా ఉన్న శోషణాన్ని నీటిలోకి వచ్చేసరికి వక్రీభవన గుణకం 1.33తో భాగించాలి. రేకులు ద్రవంలో అన్ని దిక్కులకూ తిరిగి ఉంటాయి, కాంతి విద్యుత్ క్షేత్రంలో రేకు తలానికి సమాంతరంగా ఉన్న భాగాన్ని మాత్రమే అవి పీల్చుకుంటాయి కాబట్టి మూడింట రెండు వంతులు తీసుకోవాలి. స్పెక్ట్రోమీటర్ చూపే శోషణ విలువ 10 ఆధారంగా గల లాగరిథమ్ కాబట్టి చివరగా 2.303తో కూడా భాగించాలి. ఇలా చేస్తే గుణకం సుమారు 6500 వస్తుంది. పలుచగా, విడివిడిగా ఒలిచిన రేకులు దీనికి దగ్గరగా ఉండాలి. ఒలవని ముద్దలు, కర్బనం కాని మలినాలు బరువులో కలిస్తే విలువ తగ్గుతుంది. కాంతి పరిక్షేపణం చెందితే అది శోషణంలా కనిపించి విలువ పెరుగుతుంది.

పరిక్షేపణాన్ని పసిగట్టే మార్గం వక్రరేఖ ఆకారంలోనే ఉంది. 600 నానోమీటర్లు దాటాక గ్రాఫీన్ శోషణం దాదాపు చదునుగా సాగుతుంది. మీ రేఖ అక్కడ కూడా గబగబా దిగిపోతుంటే అనుమానించండి. మీ విశ్వవిద్యాలయంలో ఇంటిగ్రేటింగ్ స్ఫియర్ ఉన్న స్పెక్ట్రోమీటర్ ఉంటే చెదిరిన కాంతిని కూడా పోగుచేసి అసలు శోషణాన్ని వేరుచేయవచ్చు. లేకపోతే నమూనాను కనీసం నాలుగైదు స్థాయిల్లో పలుచన చేసి, శోషణం గాఢతతో సరళరేఖలో మారుతోందో లేదో చూడండి, విలువ 1 లోపు ఉండేలా చూసుకోండి. అతినీలలోహితంలో కొలిచేటప్పుడు క్వార్ట్జ్ క్యూవెట్ (నమూనా ద్రవాన్ని పోసే చిన్న పాత్ర) తప్పనిసరి. గాజు, ప్లాస్టిక్ క్యూవెట్‌లు 300కు దిగువన తామే కాంతిని పీల్చేస్తాయి. ఎన్‌ఎంపీ (ఎన్-మిథైల్ పైరోలిడోన్) ద్రావణి సైతం సుమారు 285కు దిగువన కాంతిని దాటనివ్వదు కాబట్టి అందులో 270 శిఖరం కోసం వెతకడం వృథా.

ప్రశ్న: రెండు, మూడు పొరలు ఒకదానిపై ఒకటి ఏ అమరికలో పేర్చి ఉన్నాయో శోషణం చెప్పగలదా?
– పరిశోధక విద్యార్థి, హైదరాబాద్

జవాబు: దృశ్య కాంతి చెప్పలేదు. మూడు పొరలు ఎలా పేర్చినా అది దాదాపు 7 శాతమే చూపుతుంది. అమరిక తెలియాలంటే పరారుణంలోకి దిగాలి. పక్కపక్క పొరల ఎలక్ట్రాన్ల మధ్య ఉండే జోడింపు శక్తి సుమారు 0.4 ఎలక్ట్రాన్ వోల్టులు. దానికి సరిపోయే తరంగదైర్ఘ్యం 3 మైక్రోమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. సహజ గ్రాఫైట్‌లో మాదిరిగా పేర్చిన రెండు పొరల్లో ఈ శక్తి దగ్గర స్పష్టమైన శిఖరం వస్తుంది, ఒక్క పొరలో రాదు. మూడు పొరల్లో మూడోది మొదటిదానికి సరిగ్గా పైన ఉన్నదా, పక్కకు జరిగి ఉన్నదా అన్నదాన్ని బట్టి ఈ మేరలోని రేఖ ఆకారమే మారిపోతుంది. ఎనిమిది పొరల వరకూ ఇలాంటి పరారుణ గుర్తులను 2010లో క్రమపద్ధతిలో నమోదుచేశారు.

ఈ పద్ధతి సత్తా బాగా బయటపడింది 2009లో. రెండు పొరల గ్రాఫీన్‌కు పైన, కింద వోల్టేజి పెడితే అంతరం తెరుచుకోవాలని సిద్ధాంతం చెప్పింది. విద్యుత్ కొలతల్లో, పదార్థంలోని లోపాల వల్ల దారిమళ్లే ప్రవాహం ఆ అంతరాన్ని మరుగుపరిచింది. బర్క్‌లీలోని ఫెంగ్ వాంగ్ బృందం పరారుణ శోషణంతో దాన్ని నేరుగా చూసి, 0.25 ఎలక్ట్రాన్ వోల్టుల వరకు పెంచవచ్చని చూపింది. నిరోధాన్ని కొలిచే మీటరు కన్నా కాంతి నమ్మదగిన సాక్షి అయిన సందర్భం ఇది.

మెలితిప్పి పేర్చిన పొరలకు ఇంకో గుర్తు ఉంది. రెండు పొరల మధ్య కోణం పెరిగేకొద్దీ ఒక కొత్త శోషణ శిఖరం ఎక్కువ శక్తి వైపు జరుగుతుంది. కోణం 13 డిగ్రీల చుట్టుపక్కల ఉన్నప్పుడు అది దృశ్య కాంతిలో పడి, సూక్ష్మదర్శిని కింద ఆ ముక్కకు ఒక రంగు వస్తుంది. 2018లో అతివాహకతతో వార్తల్లోకి వచ్చిన 1.1 డిగ్రీల అమరికలో మాత్రం ఆసక్తికరమైన శక్తులన్నీ పరారుణంలోనో, అంతకు దిగువనో ఉంటాయి కాబట్టి కంటికి ఆ ఆనవాలు దొరకదు.

ప్రశ్న: నక్షత్రాల మధ్య ధూళిలో గ్రాఫైట్ ఉందని శోషణం ద్వారానే కనుగొన్నారా?
– ఖగోళ ఆసక్తిపరుడు, అనంతపురం

జవాబు: ఉండవచ్చని అనుకోవడానికి తొలి ఆధారం అదే. థియోడర్ స్టెచర్ 1965లో రాకెట్ పరికరాలతో తీసిన అతినీలలోహిత కొలతల్లో దూరపు నక్షత్రాల కాంతి 217.5 నానోమీటర్ల చుట్టూ ప్రత్యేకంగా తగ్గిపోవడం కనిపించింది. మన వాతావరణంలోని ఓజోన్ ఆ కాంతిని అడ్డుకుంటుంది కాబట్టి నేల మీద నుంచి దీన్ని చూడలేరు. చిన్న గ్రాఫైట్ రేణువులు దానికి కారణమని అదే ఏడాది ప్రతిపాదన వచ్చింది. చిక్కు ఏమిటంటే, ఆకాశంలో ఏ దిక్కున చూసినా శిఖరం ఉన్న చోటు దాదాపు కదలదు, వెడల్పు మాత్రం మారుతుంది. రేణువుల పరిమాణం, ఆకారం మారితే గ్రాఫైట్ శిఖరం కూడా కదలాలి. అందుకే చాలా వలయాలు అతుక్కున్న హైడ్రోకార్బన్ అణువులను కూడా బలమైన అభ్యర్థులుగా పరిశీలిస్తున్నారు. షట్కోణ కర్బన వలయాల ఎలక్ట్రాన్లే ఈ శోషణానికి మూలమన్న అభిప్రాయానికే ఎక్కువమంది మొగ్గుచూపుతున్నారు.

ప్రశ్న: పలకపై పూసిన గ్రాఫీన్ రేకులు పడుకుని ఉన్నాయో, నిలబడి ఉన్నాయో శోషణంతో తెలుస్తుందా?
– పాఠకుడు, తిరుపతి

జవాబు: తెలుస్తుంది, కాకపోతే ఎక్స్-కిరణాలు కావాలి. కర్బనంలోని లోపలి ఎలక్ట్రాన్‌ను పైకి లేపడానికి సుమారు 285 ఎలక్ట్రాన్ వోల్టులు పడుతుంది. అక్కడ వచ్చే మొదటి శిఖరం పొర తలానికి లంబంగా నిలిచే ఖాళీ కక్ష్యలది, 292 దగ్గరిది తలంలోనే ఉండే బంధాలది. సింక్రొట్రాన్ (ఎలక్ట్రాన్లను అతివేగంగా తిప్పి ఎక్స్-కిరణాలను పుట్టించే యంత్రం) కాంతి ధ్రువణం చెంది ఉంటుంది, అంటే దాని విద్యుత్ క్షేత్రం ఒకే దిశలో ఊగుతుంది కాబట్టి నమూనాను తిప్పుతూ కొలుస్తారు. కాంతి నిటారుగా పడినప్పుడు 285 శిఖరం దాదాపు మాయమై, వాలుగా పడినప్పుడు పెరిగితే రేకులు పలకకు అంటి పడుకున్నట్లు; కోణం మార్చినా రెండు శిఖరాల నిష్పత్తి మారకపోతే రేకులు అన్ని దిక్కులకూ చెల్లాచెదురుగా ఉన్నట్లు. మన దేశంలో ఇండోర్‌లోని ఇండస్-2 సింక్రొట్రాన్‌లో ఈ శక్తుల ఎక్స్-కిరణ శోషణాన్ని కొలిచే ఏర్పాటు ఉంది.